నల్ల చొక్కాలు

నా అల్మరాలో తొమ్మిది నల్ల చొక్కాలున్నాయి.
పక్కింటి ముసలామె బట్టలారేసే గదిలో వాటిని చూసి
"ఎవరు పోయారమ్మా?" అని మెల్లిగా అడిగింది.
ఎవరూ పోలేదు.
చేతులు కనబడాలి, అంతే.
గోళ్ళకు రంగుండదు. ఉంగరం పొద్దున్నే
సబ్బుపెట్టె పక్కన తీసి పెడతాను.
పదకొండేళ్ళుగా వెసా దాన్ని తడి తుడిచి అక్కడే పెడుతున్నాడు.

ఔలులో జనవరి. బస్‌స్టాపులో మైనస్ ఇరవై ఆరు.
చేతి తొడుగులు వేసుకుంటే మాట లేదు,
తీస్తే వేళ్ళు లేవు.

ఆరోగ్య కేంద్రంలో మూడో నంబరు గది.
డాక్టరు తెరకేసి చూస్తూ
"నేను మీకొక విషయం చెప్పాలి" అంది.
నా వేలు నా గుండె మీదికి వెళ్ళింది: నేను.
ఆ నేను డాక్టరు.
పడవలు చెక్కే ఎయినారి చాలాసేపు
కిటికీ బయట మంచు తోసే బండిని చూశాడు.
తర్వాత తన గుండె మీద వేలు పెట్టాడు.
నా నోరు పలికింది:
"నేను వేసవి దాకా ఉంటానా?
ఒక పడవ ఒప్పుకున్నాను."
ఆ నేను ఆయన.
గొంతు నాదే, మధ్యలో బొంగురుపోయింది.
ఆ బొంగురు ఎవరి లెక్కలో రాయాలో
నాకు ఎవరూ నేర్పలేదు.

గుమ్మం దాటగానే చేతులు దులుపుకోవాలి. అది నియమం.
దులుపుకున్నాను.

సాయంత్రం ఒక అపార్టుమెంటు మీటింగు.
శుక్రవారం ఏడింటి ఆవిరిస్నానం వంతు ఎవరిదని
నలభై నిమిషాల తగువు.
"మీరు బకెట్లు కడగరు" అన్నదీ నేనే,
"కడుగుతాను, నీ కళ్ళకే కనబడదు" అన్నదీ నేనే.
నాతో నేనే పోట్లాడి మోచెయ్యి నొప్పితో ఇంటికొచ్చాను.

"ఇవాళ ఏం జరిగింది?" అంది ఇల్మా, చేప పులుసులో రొట్టె ముంచుతూ.
"మంచు పడింది."
"రోజూ అదే చెప్తావు."
"రోజూ అదే పడుతుంది మరి."
వెసా నాకేసి చూశాడు.
నోరు అరువిచ్చి వచ్చాను, ఇంకా తిరిగి రాలేదు అన్నాను.
గిన్నెలు తనే కడిగాడు.

ఏడేళ్ళప్పుడు బ్యాంకులో
కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి నిలబడి
అమ్మకీ మేనేజరుకీ నేనే దుబాసీని.
"కుదరదు, పాత బాకీ రెండు వాయిదాలుంది" అన్నాడాయన.
ఆయనకు భోజనం వేళయిందట,
మళ్ళీ రమ్మంటున్నాడని అమ్మకి చెప్పాను.
అమ్మ ఆయన ముఖం చూసింది. నా ముఖం చూసింది.
చేతిసంచీ మూసి,
దారిలో నాకు దాల్చినచెక్క బన్ను కొంది.
ముప్పై ఏళ్ళు పోయాక,
వణికే చేతుల్ని బల్లకి ఆనించుకుని చెప్పింది:
ఆ రోజు నీ చేతులు అబద్ధమాడాయి గానీ,
నీ కనుబొమ్మలకి అబద్ధం రాదే పిచ్చిదానా.

అప్పట్నించి ఒక్క మాటా మార్చలేదు.
మార్చాలనిపించని రోజూ లేదు.

ఏప్రిల్లో, నది మీద మంచు బూడిదరంగుకి తిరిగాక,
దుకాణంలో పాల అర దగ్గర ఎయినారి కనబడ్డాడు.
బయట మేం ముందు పలకరించకూడదు.
నేను పెరుగు డబ్బా మీద తేదీ చదువుతూ నిలబడ్డాను,
రెండుసార్లు చదివాను.
ఆయనే బుట్ట కింద పెట్టి,
గడ్డం మీద రెండు వేళ్ళు ఆనించాడు.
నా గడ్డం మీది మచ్చ, అమ్మ పెట్టిన నా పేరు.
కాల్చిన జున్ను రెండు రకాలు చూపించి
నీకు ఏది ఇష్టం? అని అడిగాడు.

వేలు గుండె దాకా వచ్చి
అక్కడ కాస్త తడబడింది,
ఎవరింటి తలుపు కొట్టాలో మరిచినట్టు.
నేను, అన్నాను.
నేను అసలు జున్నే తినను.

ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే
గుడ్ల దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు.

పడవ సంగతి నేనడగలేదు. అడగడం నా పని కాదు.
జున్ను అందుకుంటున్నప్పుడు చూశాను,
ఆయన గోళ్ళ సందుల్లో
నల్లగా, కొత్త తారు.