హలసూరు దబ్బచెట్టు

అద్దె కాగితంలో చెట్టు ఊసు లేదు.
తాళాలిస్తూ కెంచమ్మే చెప్పింది:
"రాలినవి నీవి, చెట్టుమీదివి నావి."

ఆమెకది హేరళెకాయి,
మా అమ్మకు దబ్బకాయ,
మేడమీద తమిళాయనకు నార్తంగాయ్.
ముల్లు మాత్రం ముగ్గురికీ ఒకేలా గుచ్చుకుంది.

కోసుకు తినే పండు కాదది.
ఉప్పులో ఊరాలి, ఎండలో వాడాలి,
ఇంగువ పోపు పడాలి.
అప్పటికిగానీ లొంగదు.
ఆకే నయం,
మజ్జిగలో నలిపితే
మధ్యాహ్నం సగం చల్లబడేది.

మూడేళ్లు రాలినవే ఏరాను.
గాలివాన రాత్రుల్లో నిద్రపోకుండా
చప్పుళ్లు లెక్కపెట్టానని
ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇల్లు ఖాళీ చేస్తానన్న రోజు
ఆమె మారుమాట్లాడలేదు.
స్టూలెక్కి, ఓ కొమ్మకు బెరడు గీరి,
ఎర్రమన్నూ పేడా మెత్తి
గోనెపీలిక చుట్టింది.
"రెండు నెలలాగు. దీనికి వేళ్లు రావాలి."

ఆగాను.
ఆ రెండు నెలల అద్దె
పైసా తగ్గించకుండా తీసుకుంది.

ఎలక్ట్రానిక్ సిటీలో ఆరో అంతస్తు.
పెయింటు డబ్బాలో దబ్బమొక్క.
నాలుగో ఏడు, ఇంకా పూతే లేదు.
పొద్దున నీళ్లు పోస్తుంటే
చేతికి సర్రున గీరుకుంది.

కెంచమ్మ పలకరించినట్టే ఉంది.