బోర్లించి చూడాలి

జగన్నాథపురం వంతెన దిగువన
ఒకప్పటి తాళ్ల కొట్టు నాది.
ఇప్పుడు గోడల నిండా
కోటోనూ రేవు నుంచి తెచ్చిన ముఖాలు.

కొనేవాళ్లు కళ్లు చూస్తారు, కొమ్ములు చూస్తారు.
నేను బోర్లించి చూపిస్తాను:
నుదురు ఆనినచోట చెమట నలుపు.
ఎవరూ కట్టుకుని ఆడని ముఖానికి
సగం ధర చెప్పినా ఎక్కువే.

నిన్న విప్పింది మాత్రం కొత్త సరుకు.
అక్కడి కుర్రాడెవరో
బియ్యం సంచులు కోసి కుట్టిన నిలువెత్తు మనిషి.
రొమ్ము మీద సగం చెరిగిన
మండపేట మిల్లు చిలక.

పెట్టె దించిన నూకరాజు
భుజం దగ్గర కుట్టు తడిమాడు.
"ఇది మా యావిడ వేసే ముడండీ."

కాసేపాగి, "ఎంతండీ?" అన్నాడు.
సగమే చెప్పాను.

నమ్మక నవ్వి
రెండో పెట్టె కోసం
వ్యాను దగ్గరికి వెళ్లాడు.