స్వార్జితం

నోటరీ గారూ, రాసుకోండి.
నా పేరు గంగులయ్య. నిడుజువ్వి పక్కన మా పల్లె.
నాపరాళ్ళ గనుల్లో ముప్పై రెండేండ్లు
గునపం పట్టినోణ్ణి.

ఈ పక్కన కూర్చున్నది మాయన్న ఓబులేసు.
ఫిరంగుల రెజిమెంటులో హవల్దారు.
ఆయప్ప మాట్లాడడు. మాట్లాడితే దగ్గొస్తాది,
దగ్గొస్తే పొద్దుగూకేదాకా పోదు.
అందుకే నేను చెప్తాండా.

పద్దెనిమిదేండ్లకు ఎర్రగుంట్ల టేసన్లో రైలెక్కినాడు,
కాళ్ళకు నా చెప్పులే.
గని గట్టు ఒక్కనాడూ తొక్కినోడు కాదు.
తొంభై తొమ్మిది ఎండాకాలం, కొండల్లో యుద్ధం.
మూడు వారాలు ఫిరంగి నోరు మూయలేదంట.
గుండు తోసేది ఆయప్పే,
దాని మందుపొగ తినేదీ ఆయప్పే.
తర్వాత మంచు మీద రెండు చలికాలాలు.
పెట్టె మాదిరి గుడిసె, మధ్యన కిరసనాయిలు పొయ్యి.
తలుపు తీస్తే చలికి చస్తారు,
మూస్తే పొగకు.
మూసుకున్నారు.
సెలవులకొచ్చినప్పుడు రుమాళ్ళు ఉతుకుతా మా వదిన అడిగింది,
"ఇంత కాటుక ఎవరు పెట్టినారయ్యా నీకు?"
నవ్వినాడు.
అప్పటికి ఇంకా నవ్వేవాడు.

మెడికల్ బోర్డు డాక్టరు కాగితంలో ఊరి పేరు చూసి
"ఎర్రగుంట్లా! కడప బండలు అక్కడివేగా,
మా ఇంట్లో పరిచింది మీ రాళ్ళే" అన్నాడంట.
అని, తనూ రెండు బండలు పరిచినాడు:
'వ్యాధి సేవ వలన కలిగినది కాదు.
సేవ వలన తీవ్రమైనదియు కాదు.'
అంటే ఆ తిత్తుల్లో ఉండేది ఊరి దుమ్మంట.
నా దుమ్ము!

నన్నడిగితే కదా.
నాకు ఎక్సరే తీసిన రోజు గుత్తేదారు ఏమన్నాడు?
"బీడీలు మానెయ్ గంగులూ."
నాకేమో బీడీని అంటగట్టిరి,
మాయన్నకు నన్ను అంటగట్టిరి.

పది రూపాయల పోస్టలార్డరు పెట్టి
సమాచార హక్కు కింద ఏడు అర్జీలు.
ఆ పొయ్యి పొగను ఎవరన్నా పరీక్ష చేసినారా?
ఆ గుడిసెలో పండుకున్నోళ్ళలో
ఇప్పుడు మెట్లెక్కలేనోళ్ళు ఎందరు?
ఒకదానికి, మా శాఖ కాదు.
ఒకదానికి, దేశ భద్రత.
మిగతావాటికి, 'నియమానుసారం దస్త్రములు ధ్వంసం చేయబడినవి.'
దగ్గు కూడా దేశ రహస్యమా సార్?
రాత్రిపూట మూడిండ్ల అవతలికి ఇనపడతాదే.
పేల్చిన గుండ్లకు లెక్కుంది.
పీల్చిన పొగకు లేదు.

సోమవారం కడపలో, కలెక్టరాఫీసు గేటు కాడ
ఇంకా కొందరు తగిలినారు.
ప్రొద్దుటూరు ఖాజాపీరుకు చేతులు వణుకుతాయి,
టీ గ్లాసు ఆయన భార్య పట్టుకుంటాది.
కమలాపురం సుబేదారుకు చెవుల్లో తెల్లార్లూ ఈల.
ఒకరి కాగితాలు ఒకరు మార్చుకుని చదివినారు.
జబ్బులు వేరే. ఆ రెండు లైన్లు మాత్రం ఒకటే,
అచ్చుతప్పుతో సహా.

అందుకని ఈ ప్రమాణపత్రం.
స్టాంపు కాగితం తెచ్చినా. రాయండి:
మా నాయన పోయినాక భాగాలు పంచుకున్నాము.
బాయికాడ ఎకరా మాయన్నకు.
గనిపక్క చెక్క నాకు, గనిలో కూలి నాకు.
దుమ్ము మొత్తం నా భాగానికే వచ్చినది.
అందులో మాయన్నకు గానీ ఆయన వారసులకు గానీ
చిటికెడు కూడా హక్కు లేదు.
ఆయప్ప తిత్తుల్లో ఉండే పొగ పిత్రార్జితం కాదు,
స్వార్జితం.
సర్కారు కొలువులో, సర్కారు పొయ్యి కాడ,
సర్కారు చెప్పిన చోట కూర్చుని
సంపాయించుకున్నది.
ఇది నేను మనస్ఫూర్తిగా...

అక్కడ నాకు దగ్గొచ్చింది.
నాది విని మాయన్నకు కూడా.
నోటరీ కలం ఆపినాడు,
కండ్లద్దాలు నొసటి మీదికి తోసి
మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి
"ఇంతకీ మీలో మిలిటరీ ఆయన ఎవరు?" అన్నాడు.
జవాబు చెప్పేదానికి
ఇద్దరికీ ఊపిరి అందల్యా.