ఒకే ఒక్క ప్రతి

బరంపురం స్టేషన్ రోడ్డులో
నా కలర్ జిరాక్స్ కొట్టుకి అతను మొదటిసారి వచ్చిన రోజు
వాన. తెల్ల బూట్లకి బురద లేదు.
అప్పుడే అనుమానపడాల్సింది.

మాతో తెలుగు, పోలీసులతో ఒడియా, ఫోన్లో హిందీ.
ఆ ఫోను చార్జింగుకి నా దగ్గర పెట్టినప్పుడు
వెనక మూత ఊడింది. లోపల సిమ్ము లేదు.
చూసి, మూత నొక్కేశాను.

పత్రిక పేరు 'విభా'. ముంబై నుంచి, నెలకొకటి.
అట్ట మీద అమ్మాయి మాత్రం ఈసారి
మన గంజాం మట్టిలోంచి రావాలట.
లాడ్జిలో మూడో అంతస్తు గది, గోడకి నీలం దుప్పటి,
గొడుగు లైటు, అద్దెకి తెచ్చిన పట్టుచీర ఒకటి,
కుంభాల అంచుది. పదకొండు మందికీ అదే చీర.
ఎంపిక రుసుము నాలుగున్నర వేలు.

పని నాది.
పాత మ్యాగజైన్లు కిలో లెక్కన తెచ్చేవాడు.
అట్టలు చింపి, కొత్త మొహం అతికించి,
నిగనిగలాడే పొర వేసి పిన్ను కొట్టేవాణ్ణి.
ఒక్కో అమ్మాయికి ఒకే ఒక్క ప్రతి.
లోకమంతా చూస్తోందని ఆమె మురిసే బొమ్మని
లోకంలో మొదట చూసినవాణ్ణి నేను.
దాదాపు చివర చూసినవాణ్ణి కూడా.

అట్టకి ముప్పై రూపాయలు.
"కింద మూల ఏదో వెలితిగా ఉంది బాబూ" అన్నాడోసారి.
చుట్టూ చూశాను. బల్ల మీద
మా ఆవిడ తెమ్మన్న అప్పడాల పొట్లం.
దాని వెనకున్న నల్లగీతలు స్కాన్ చేసి పెట్టాను.
అచ్చం పత్రికే అయిపోయింది.
నాకు గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

దమయంతి పాత్రో ఏడో అమ్మాయి.
అప్పడాల కార్ఖానాలో పొట్లాలకి
ఆ గీతల స్టిక్కర్లే అంటిస్తుంది, రోజుకి రెండు వేలు.
గీతల కింది అంకెలు ఆమెకి నోటికొచ్చు,
మనకి ఎక్కాలొచ్చినట్టు.

అతను కోరమండల్ ఎక్కేసిన నాలుగో రోజు వచ్చింది.
(నాకు రావాల్సిన నాలుగు అట్టల బాకీ కూడా
అదే బండి ఎక్కింది.)
గాజు బల్ల మీద ఓ పక్క పొట్లం పెట్టింది, ఓ పక్క తనని.
వేళ్ల సందుల్లో మినప్పిండి ఇంకా ఉంది.
అరుస్తుందనుకున్నాను.
వెనక ఎవరెవరొస్తున్నారో అని వీధి వైపు చూశాను.

"ఒక్కోదానికి ఎంతిచ్చీవోడేటి నీకు?"
"ముప్పై."
"అంతేనా" అంది.
నాలుగున్నర వేలు పోగొట్టుకున్న గొంతులో
నా మీద జాలి.

తర్వాత బొమ్మనే చాలాసేపు చూసింది.
మెడ కాస్త పక్కకి వంచి
ఎవరినో పిలవబోతున్నట్టుంది అందులో.
వెలుతురు ఎక్కడ పెట్టాలో ఆ దొంగకి తెలుసు.
అదొక్కటీ అబద్ధం కాదు.

"పేరు తీసీ. గీతలు తీసీ.
బొమ్మొక్కటీ పెద్దగా తీసియ్యి."

తీశాను. వద్దంటే వినలేదు.
మూడు పది నోట్లు గాజు మీద పెట్టి
చుట్టిన కాగితం చంకలో ఇరికించుకుని
రైలు గేటు వైపు వెళ్లిపోయింది.
నోట్లకి పిండి అంటి ఉంది.

మిగతా పది మందీ ఇంకా రాలేదు.
తొమ్మిదింటికి మూసే కొట్టు
ఇప్పుడు పదిన్నర దాకా తెరిచే ఉంచుతున్నాను.