నూట నలభై ఎనిమిదో తట్ట

పూర్ణానందం గారు బెజవాడ నించి ఫోన్ చేశారు.
"విక్టోరియా రాణి నాటి సైన్సు నవల ఏదో ఒకటి తీసుకోమ్మా,
హక్కులెప్పుడో చెల్లిపోయాయి, ఎవడూ అడగడు.
ఊరు మార్చు, పేర్లు మార్చు,
ఒక సెల్‌ఫోన్ పెట్టు, కాస్త లవ్వు పెట్టు.
దసరాలోగా నూట అరవై పేజీలు."
అడ్వాన్సు నాలుగు వేలు. సరేనన్నాను.

మందవెల్లి స్టేషన్ వెనక నా గది.
కిటికీ తీస్తే కాలువ,
మూస్తే కాలువ వాసన.

పల్లావరం సంతలో తూకానికి కొన్న నవలలు, చెదలు సగం చదివేసినవి.
అన్నిట్లో ఒక దొర ఉంటాడు,
భోంచేసి, చుట్ట వెలిగించి,
ఏదో ఒక ఇత్తడి యంత్రానికి నూనె పెడుతుంటాడు.
ఆ బొగ్గు, ఆ ఆవిరి, ఆ తీరిక
ఎక్కణ్ణించి వచ్చాయో
ఏ పేజీలోనూ ఉండదు.

మొదట దొరని ఐటీ కుర్రాణ్ణి చేశాను,
అడయారులో ఫ్లాటిచ్చాను, కాలంలోకి పొమ్మన్నాను.
మూడో పేజీలో ఆవలించాడు.
నేనూ ఆవలించి
కిటికీ తీశాను.

ఈ ముక్క తవ్వింది ధాత కరువులో.
ధాత ఒక సంవత్సరం పేరని నాకు తెలీదు చిన్నప్పుడు.
రెండోసారి అన్నం అడిగితే మా జేజమ్మ
"ధాత కరువులో పుట్టినావంటే నువ్వు?" అనేది.
ఆ తిట్టులో ఒక కాలువుందని,
ఆ కాలువ పక్కనే అద్దెకుంటానని
ఎవరనుకున్నారు?

దొరని కొట్టేశాను.
రాశాను: చెంచమ్మ, కావలి పక్క.
కూలి గుప్పెళ్ళ లెక్కన గింజలు, ఒక అణా.
కొడుకు పోలిగాడు అవతలి గట్టున గంజి వరసలో.

యంత్రమా?
మట్టి తట్ట.
నెత్తిన పెట్టుకుని గట్టెక్కితే ఒక ఏడు,
మళ్ళీ ఎక్కితే ఇంకో ఏడు.
గట్టెక్కడమంటే అంతే కదా మనకి.
నూట నలభై ఎనిమిదో తట్ట దించి
నడుం పట్టుకుని తలెత్తింది.

తను తవ్విన నీళ్ళలోనే
మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డ కాంక్రీటు స్తంభాలు,
వాటి నెత్తిన రైలు.
"ఓయమ్మ, ఇంతమంది తట్టలు మోస్తా ఉండారే!
వీళ్ళకన్నా పొద్దుగూకితే కూలిస్తారా?"

నేను ఇలా రాయాలనుకోలేదు. ఆవిడ అంది, రాశాను.

రూపాయికి ఇడ్లీ ఇచ్చే క్యాంటీన్ ముందు నిలబెట్టాను.
లెక్క వేసి చూశాను:
పదహారు రోజులు మన్ను మోస్తే ఒక ఇడ్లీ.
కౌంటర్లో వలర్మతి అణా తిప్పి చూసి,
రాణి బొమ్మ గోటితో గీకి,
"ఇది చెల్లదు" అంది అరవంలో.
అని, ప్లేటులో ఆరు పెట్టింది.
సాంబారు ముంచి పోసింది.

మూడు తిన్నది చెంచమ్మ.
మూడు కొంగున మూట కట్టింది.

ఇలాంటి కథల్లో ఇక్కడ ఒక నియమం ఉంటుంది:
ముందు కాలం నించి వెనక్కి ఏమీ తేకూడదు,
తెస్తే చరిత్ర చెడిపోతుంది.
చెడిపోనీ.
బాగున్నదేముంది చెడిపోవడానికి?

దసరా అయిపోయింది. దీపావళి టపాసుల కాగితాలు కాలువలో తేలుతున్నాయి.
నూట పన్నెండో పేజీలో ఆగాను.
ఆవిడ దిగుతోంది, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని,
ఒక్కో అడుగుకీ ఒక్కో ఏడు వెనక్కి.
అవతల వరస కదులుతోందో, పలచబడుతోందో
ఈ గట్టు నించి కనిపించదు.
నా భయమల్లా ఇడ్లీల గురించి.
నూట నలభై ఎనిమిదేళ్ళు
పులిసిపోకుండా ఉంటాయా?

ఫోన్ మళ్ళీ మోగింది.
"లవ్వు పెట్టావా?"
పెట్టానండీ.
"ఎవరెవరికీ?"
రైలొచ్చింది నెత్తిమీదకి, గది ఊగింది, మాట వినబడలేదు.
"ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అరుస్తున్నారు.
సగం దూరం, అన్నాను,
కొంగు ఇంకా వెచ్చగానే ఉంది,
కొంచెం టైమివ్వండి.