వాన నీడ

లోన్ పైన్‌లో లాండ్రీ నడిపే వెర్నా
తడి తువ్వాలు మెలిపెట్టి చూపించింది:
"సముద్రం మీద బయల్దేరిన మబ్బు
సియెర్రా ఎక్కేసరికి ఇదిగో, ఇలా.
పిండటం అటువైపు,
ఆరేయటం మావైపు."

నీడంటే చల్లనిదే అనుకున్నాను ఇన్నాళ్లూ.
వాన నీడలో నిలబడితే
పెదవి పగిలింది.

ఏ రెండేళ్లకో
దారి తప్పిన జడివాన ఒకటి
కొండసందులోంచి రాళ్లూ రప్పలూ దొర్లించుకొచ్చి
లోయ అంచున విసనకర్రలా పరిచిపోతుంది.
ఇక గాలి కూచుని తీరిగ్గా తూర్పారబడుతుంది:
ధూళిని ఊళ్లు దాటిస్తుంది,
ఇసకని దిబ్బ దాకా మోసి అలిసిపోతుంది,
గులకరాళ్లని కదపలేక
నున్నగా నిమిరి
నేలకే తాపడం చేసి వదిలేస్తుంది.

అదుగో, ఉప్పు తెల్లగా మెరిసేచోట
సరస్సు ఉండేదట.
పడవలు తిరిగేవట.
"అదీ కొండ పనేనా?" అన్నాను.
వెర్నా పలకలేదు.
తువ్వాలు నాలుగు మడతలు పెట్టి
దక్షిణంకేసి చూసింది,
నగరానికి నీళ్లు పోయే కాలవకేసి.

నా మేజోళ్లు అప్పటికే ఆరాయి.
దులిపితే
పావు చెంచా ఎడారి.