ఇరవై ఎనిమిదో రోజు

గోడ మీది క్యాలెండరు వలల కొట్టువాళ్ళు ఇచ్చింది,
నెలకో చేప.
నువ్వొచ్చిన తేదీ చుట్టూ సున్నా నేను పెన్సిలుతో చుట్టాను,
వెళ్ళే తేదీ చుట్టూ నువ్వు పెన్నుతో.
మధ్యలో ఇరవై ఎనిమిది గళ్ళు.
ఏడాది మొత్తానికీ మనకి దక్కే కాపురం అంతే, నెవిల్.

ఇరవై తొమ్మిదో రాత్రి
నీ తల ఈ సికిహోర్ దీవిలో దిండు మీద ఉంటే
అడిలైడ్‌లో ఏదో కంప్యూటరుకి తెలిసిపోతుందట,
పించను ఆగిపోతుందట.
తుపానొచ్చి పడవలు కదలకపోతేనో? అన్నాను.
అప్పుడు అర్జీ పెట్టుకోవాలి, అన్నావు.
తుపాను తరఫున సంతకం ఎవరు పెడతారో
చెప్పలేదు.

నీ వెన్ను సంగతి నాకు తెలుసు.
ముప్పై ఏళ్ళు గొర్రెల మీదికి వంగి
ఉన్ని కత్తిరించిన వెన్ను అది.
చెప్పులు తొడుక్కోవాలంటే మంచం కోడు పట్టుకుంటావు.
కుడిచేతి మూడు వేళ్ళకి వేడీ చల్లనా తెలీదు,
కాఫీ కప్పు ముందు నేను పట్టుకు చూసి ఇస్తాను.

మిగిలిన రెండు వేళ్ళున్నాయి చూడు,
అవి ఊరుకోవు.
మా తమ్ముడు ఇస్కో పడవ ఇంజను కాస్త దగ్గిందా,
ఇసకలో పక్కకి ఒరిగి పడుకుని
కార్బురేటరు విప్పి, కిరసనాయిల్లో కడిగి
నోటితో ఊది బిగిస్తావు.
గంట పని. ఆనక రెండు రోజులు మంచం.
ఆ రెండు రోజులూ నీ ముఖంలో ఉండే వెలుగుకి
ఏ ఫారంలోనూ గడి లేదు.

ఈసారి మళ్ళీ వెళ్ళక్కర్లేకుండా చూస్తానన్నావు.
దానికో పరీక్ష ఉందట.
వచ్చే ఐదేళ్ళలో
ఎవరు సాయం పట్టినా సరే
ఏ పనికీ పనికిరావని తేలాలట.
తేలితే ఎక్కడున్నా డబ్బొస్తుంది.
లేదంటే ఇరవై ఎనిమిదే.

ఫోన్లో చెప్పావు.
డాక్టరమ్మ మంచిదే పాపం, మంచినీళ్ళిచ్చిందట.
వంగగలరా? లేదు.
కూర్చోగలరా? ఇరవై నిమిషాలు.
చేతులతో ఏమైనా?
అక్కడ ఆగావట.
జవాబు తెలిసిన బడిపిల్లల్లా
బల్ల కింద ఆ రెండు వేళ్ళూ పైకి లేస్తుంటే
ఎడమచేత్తో అదిమిపట్టి
ఏమీ చేయలేనండీ, అన్నావట.

ఆ తర్వాత ఫోన్లో చాలాసేపు ఏమీ వినపడలేదు.
లైను కట్టయిందనుకున్నాను.

ఉత్తరం వచ్చింది.
సున్నా మార్కులు తెచ్చుకుని పాసయ్యావు.
అదృష్టవంతురాలివి నెనీతా, అంది కొట్టు లూర్దింగ్
అప్పుల పుస్తకంలో మా పేజీ కొట్టేస్తూ.
ఉత్తరాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి
బియ్యం డబ్బా అడుగున దాచాను.

నువ్వొచ్చి నలభై రోజులైంది.
క్యాలెండరులో పెన్సిలు సున్నా ఒక్కటే ఉంది,
దానికి జత లేదు.
మూడు రోజులుగా ఇంజను దగ్గుతోంది.
ఇస్కో నీకేసి చూస్తాడు,
నువ్వు సముద్రంకేసి.
రోడ్డు మీద ఎవరు ఫోను పైకెత్తినా
చేతికర్ర అందుకుంటావు,
నడుం బాగున్న రోజున కూడా.
పనికిరానివాడిలా కనపడటం
ఇప్పుడు నీ ఉద్యోగం.
ఆదివారాలు కూడా సెలవు లేదు.

నిన్న అర్ధరాత్రి మెలకువొస్తే
పక్క ఖాళీ.
బయట గాలిలో కిరసనాయిలు వాసన.
పడవ దగ్గర
దొంగతనానికొచ్చినవాడిలా ఒదిగి
నోట్లో టార్చి కరిచిపట్టుకుని నువ్వు.
చొంగ కారి చొక్కా తడిసింది.
నన్ను చూసి చటుక్కున లేవబోయావు, లేవలేకపోయావు.

నేనేమీ అనలేదు.
నోట్లోంచి టార్చి తీసుకుని
కొంగుతో తుడవబోయి, కొంగు లేని గౌనే కదా నాది, అరచేత్తో తుడిచి
వెలుగు నీ వేళ్ళ మీద పెట్టాను.

కాస్త ఎడమకి, అన్నావు.
జరిపాను.